సీసా అడుగు మడ్డి

మా నాన్న నలభై ఏళ్లు ఊళ్లోని కార్ఖానాలో బీరు కాచాడు. అది మూతపడ్డ రోజు ఒక చిన్న రాగి గంగాళాన్ని బండి మీద ఇంటికి తెచ్చుకున్నాడు. దాని మీద నాకు చిన్నప్పటినుంచీ ఆశ. ఆడపిల్ల లోపలికొస్తే బీరు పులిసిపోతుందని నన్ను మాత్రం కార్ఖానా గడప దాటనిచ్చేవాడు కాదు. తమ్ముడు ఆల్బన్‌ని చెయ్యి పట్టుకుని మరీ తీసుకెళ్లేవాడు, వాడేమో దగ్గుకుంటూ బయటికి పారిపోయేవాడు.

పోయినేడు ఇక చేతులు లేవడం లేదన్నాడు. అక్టోబరులో చర్చి పండగకి మేమిద్దరం చెరొక గోధుమ బీరు కాచి తేవాలట, ఎవరిది బీరులా ఉంటే గంగాళం వాళ్లకట. ట్రాక్టర్లు అమ్ముకునే ఆల్బన్‌కి అదొక సరదా. నాకు మాత్రం యాభై రెండేళ్ల వయసులో ఆయన నోట నా పేరు పెట్టి "బాగుంది సెంజీ" అనిపించుకునే అవకాశం.

ఆగస్టులో జాములు కాచే పెద్ద గిన్నెలో మొదలుపెట్టాను. మొలకెత్తిన గోధుమల్ని, బార్లీని దంచి, వేడినీళ్లలో నానబెట్టి, రసం వడకట్టి పొయ్యి మీద పెట్టాను. మరుగుతుంటే పాలు విరిగినట్టు తెల్లటి గడ్డలు లేచి గిరగిరా తిరిగాయి. అప్పుడే వచ్చిన నాన్న కళ్లజోడు పెట్టుకుని గిన్నెలోకి తొంగిచూశాడు.

"విరిగిపోయిందే. గోధుమ ఎక్కువేశావు. పారబొయ్యి."

ఇరవై లీటర్లు గులాబీ మొక్కల మొదట్లో పోసేశాను. ఆ రాత్రి ఏడ్చాను కూడా, దాచడమెందుకు?

వారం తర్వాత ఆల్బన్ ఫోన్ చేసి, మాటల్లో మాటగా తన బీరు కబురూ చెప్పాడు.

"గడ్డలు గడ్డలుగా వచ్చిందక్కా, భయమేసి నాన్నని పిలిచాను. 'అదేరా కావలసింది, ప్రొటీను విడిపోయి అడుక్కి దిగుతుంది, పైన తేట మెల్లగా వంపుకో' అన్నాడు. నీకు చెప్పలేదా?"

చెప్పాడనే అన్నాను. వాడి తప్పేముంది? మళ్లీ కాచాను. ఈసారి గడ్డలు లేచినప్పుడు చుట్టాలొచ్చినంత సంబరపడ్డాను. అవి దిగేదాకా ఆగి, తేట వంపి, ఈస్టు కలిపి పులియబెట్టి, సీసాలకెత్తాను. నెల తర్వాత ఒకటి తీసి చూస్తే లవంగం, అరటిపండు కలిసిన ఆ వాసన వచ్చింది, చిన్నప్పుడు గడప దగ్గర నిలబడి పీల్చిన వాసనే.

పండగనాడు పెద్దబాతు వేపుడు చుట్టూ ఇరుగుపొరుగంతా చేరారు. పొయ్యడం నాన్న వంతు. ఆల్బన్ తెచ్చిన సీసాని పొడుగాటి గ్లాసులోకి ముప్పాతిక వంతు వంపాడు, మిగతా పావుతో సీసాని బల్ల మీద పడుకోబెట్టి, అరచేత్తో అటూ ఇటూ దొర్లించాడు. మడ్డి లేచింది. అది కూడా పోసేసరికి గ్లాసు నిండా బంగారు మసక. అందరూ భేష్ అన్నారు.

నా సీసా మెల్లగా వంపాడు, అడుగున పావు వంతు మిగలగానే ఆగాడు. సీసా తీసి కాళ్ల దగ్గర పెట్టేసుకున్నాడు. గ్లాసు కిటికీకేసి ఎత్తాడు.

"దీంట్లోంచి పేపరు చదువుకోవచ్చు," అన్నాడు. అందరూ నవ్వారు. మసక లేని గోధుమ బీరంటే మా ఊళ్లో చప్పిడి కూరే.

"సీసా దొర్లించలేదు నాన్నా," అన్నాను.

"మర్చిపోయానే. వయసైపోయింది కదా."

ఫాదరీ శిలువ గీసుకోవడం మర్చిపోతాడా? ఆ మాట నోటిదాకా వచ్చింది, పండగపూట అనలేకపోయాను. అనలేదని ఇప్పటికీ నా మీద నాకే మంట. గంగాళం ఆల్బన్ బండెక్కింది. ఇప్పుడు వాడి వాకిట్లో దాని నిండా ఎర్రటి పూలమొక్కలు.

నేను జాము గిన్నెలోనే కాస్తున్నాను. ప్రతి ఆదివారం పొద్దున తెల్ల సాసేజీల ఫలహారం వేళకి నాన్న మా ఇంటికొస్తాడు. బాగుందనీ అనడు, బాగాలేదనీ అనడు. ముప్పాతిక వంతు గ్లాసులోకి వంపుకుని, సీసాని బల్ల మీద పడుకోబెట్టి, మడ్డంతా లేచేదాకా ఓపిగ్గా దొర్లిస్తాడు. ఒక్క ఆదివారమైనా మర్చిపోలేదు.