వీపు లేని బురుజు

ఊరి చుట్టూ కోటగోడ ఉన్న రోజుల్లో ఈ బురుజుకి వీపు ఉండేది కాదు. బయటివైపు బాణాల సందులతో ఏనుగంత గోడ, ఊరివైపు మాత్రం బార్లా ఖాళీ. శత్రువు ఎలాగో ఎక్కి కూర్చున్నా, ఊళ్ళోవాళ్ళ బాణాలకు వాడికి దాక్కునే చోటు దొరక్కూడదని కట్టినవాళ్ళ ఎత్తు. యుద్ధాలు సద్దుమణిగాక మందుగుండు దాచేవాళ్ళొచ్చి ఆ ఖాళీని రాతితో మూసేశారు. తర్వాత అది ఖైదు, ఆపైన ధాన్యం కొట్టు, చివరికి ఇప్పుడక్కడ పరుపులు కుట్టి అమ్ముకునే పరుపులామె మామగారి దూది గది అయింది.

ఇప్పుడు టేపు పట్టుకొచ్చిన ఇంజనీరు, "బురుజుకి పాత రూపం తెస్తున్నామమ్మా, వెనక గోడ తీసేస్తాం. గోడే లేకపోతే కొట్టెక్కడిది? ఖాళీ చెయ్యాలి," అన్నాడు.

పరుపులామె మొగుడు అప్పుడే దూది మూటలు కట్టడం మొదలెట్టాడు. ఆమె మాత్రం సూదిలో దారం ఎక్కిస్తూనే, "ఆ గోడ లేకుండానే సిపాయిలు కాపలా కాయలేదా బాబూ? మేం కుట్టుకోలేమా?" అంది.

ఇంజనీరు టేపు చుట్టేశాడు. "సరే, కుట్టుకోండి. మళ్ళీ గోడంటూ లేపితే మాత్రం ఊరుకోను. రాయీ, రేకూ, తడికా ఏదీ కుదరదు. దూది వీధిలో పడుతోందని ఒక్క ఫిర్యాదొచ్చినా అంతే."

గోడ పడిన రోజు గది నిండా వెలుగే. దూది ఏకడం మొదలెట్టగానే బాణాల సందుల్లోంచి దూరిన గాలి పింజలన్నిటినీ ఎత్తుకెళ్ళి ఎదురు సెలూన్లో పోసింది. సబ్బు నురగతో కూర్చున్న పెద్దాయనకి క్షణంలో బారెడు తెల్లగడ్డం.

"ఏం వదినా, నేను గీస్తుంటే నువ్వు మొలిపిస్తున్నావా?" సెలూనాయన కేకేశాడు. "రేపూ ఇదే వరసైతే ఇంజనీరుకి చెప్పేస్తా, ఆనక నన్ననుకోకు!"

"చూశావా? నీ మొండితనానికి నిలువనీడ పోయేలా ఉంది," మొగుడు గొణిగాడు.

"గొణిగింది చాల్లే. ఆ తాళ్ళందుకో."

మర్నాడు ఇంజనీరు వచ్చేసరికి వెనకవైపు దూలం నుంచి నేలదాకా పరుపులు, అంచుకి అంచు ఒరుసుకుంటూ వేలాడుతున్నాయి. గాలి వాటిని గుద్ది గుద్ది అలిసిపోతోంది. ఒక్క పింజ గడప దాటడం లేదు.

"గోడొద్దన్నాను కదమ్మా!"

"గోడెక్కడ బాబూ? సరుకు పెట్టుకున్నాను. కొట్టన్నాక సరుకు కనపడొద్దూ? పొద్దుగూకగానే దించేస్తాం."

ఇంజనీరు ఒక పరుపుని వేలితో పొడిచాడు, చెయ్యి మణికట్టు దాకా దిగింది. నవ్వాపుకోలేకపోయాడు.

అంతలో సెలూనాయన వచ్చి, "వదినా, ఆ మూల పరుపు నాకమ్మెయ్," అన్నాడు. ఆమె ముడి విప్పిందో లేదో, పరుపు తీసిన ఖాళీలోంచి దూది బుస్సున లేచింది.

"కొత్తది పట్రావయ్యా, తొందరగా!" ఆమె మొగుణ్ణి కేకేసింది.

మొగుడు ఒక కొస ఎత్తాడు. రెండో కొస ఇంజనీరు పట్టుకున్నాడు.