ఇసుక మేట దాటాక

కొత్తగా పనిలో చేరేవాళ్ల వివరాలు గేటు దగ్గర రిజిస్టర్‌లో రాసుకోవడం సెక్యూరిటీ గార్డు ఎబెనేజర్ పని. పాశమైలారంలోని ఆ మందుల ఫ్యాక్టరీలో అతను చేరి పదకొండేళ్లయింది. జూన్‌లో ఓ సోమవారం పొద్దున, ల్యాబులో చేరడానికి వచ్చిన నిహారిక అనే అమ్మాయి తన ఊరు లక్డారమని చెప్పింది. ఎవరింటి పిల్లవని అడిగాడు.

"మిలిటరీ మల్లేష్ మనుమరాల్ని, అంకుల్. మా అమ్మమ్మ దేవమ్మ."

ఊరి పేరు సగం రాసిన చోటే పెన్ను ఆగిపోయింది. ఆ అమ్మాయి లోపలికి వెళ్లిన చాలాసేపటికిగాని మిగతా సగం రాయలేదు.

ఇంద్రేశంలో కిరాయి గదిలో ఉంటాడు ఎబెనేజర్. భార్య సుకుమారి పోయి నాలుగేళ్లు. పిల్లలు లేరు. లక్డారం ఎంతో దూరం కాదు. అయినా ముప్పై ఎనిమిదేళ్లుగా అతను ఆ ఊళ్లో అడుగు పెట్టలేదు. చర్చిలో తన జీవితం గురించి ఎన్నిసార్లు సాక్ష్యం చెప్పమన్నా లేచి నిలబడలేదు. సుకుమారికి కూడా చెప్పని మాట ఒకటి అతని దగ్గర ఉండిపోయింది.

మన సైన్యం లంకకు వెళ్లి యుద్ధం చేసిన రోజులవి. ఇద్దరూ జవాన్లు. ఎబెనేజర్‌కు ఇరవై ఒకటి, మల్లేష్‌కు ఇరవై మూడు. ఒకే తాలూకా వాళ్లు కావడంతో బారక్‌లో పక్కపక్కనే పడుకునేవారు. ఉత్తరాన ఒక చిన్న దీవిని పట్టుకోవాలని హుకుం వచ్చింది. తీరం పొడవునా తాటిచెట్ల కింద బంకర్లు, బంకర్లలో మెషిన్‌గన్లు. ముందురోజు సాయంత్రం మల్లేష్ మెల్లగా అన్నాడు, తనకు ఈత రాదని, జెర పక్కనే ఉండమని. ఎబెనేజర్ ఉంటానన్నాడు. బావుల్లో ఈది పెరిగినవాడు అతను.

తెల్లవారుతుండగా పడవ దేనికో తగిలి ఆగింది. తీరం వచ్చిందనుకుని పడవ ముందువైపు తలుపు దించారు. అది తీరం కాదు, ఇసుక మేట. నాలుగడుగులు మోకాలి లోతు నీళ్లు, ఆ తర్వాత కాలికి నేల అందలేదు. వీపు మీద ముప్పై కిలోల బరువు. ఎదురుగా తాటిచెట్ల కిందినుంచి కాల్పులు. మల్లేష్ మునుగుతుంటే ఎబెనేజర్ అతని సంచి పట్టీ దొరకబుచ్చుకున్నాడు. ఇద్దరూ కలిసి మునిగారు. ఒకసారి తేలి, మళ్లీ మునిగారు. రెండోసారి తేలినప్పుడు ఎబెనేజర్ ఒక్కడే ఉన్నాడు.

మధ్యాహ్నానికి దీవి మనదైంది. మల్లేష్ శత్రువు కాల్పుల్లో వీరమరణం పొందాడని లక్డారానికి ఉత్తరం వెళ్లింది.

నిహారిక పనిలో చేరిన ఆ వారం, ఆదివారం ఆరాధన ముగిశాక ఎబెనేజర్ ఆటో ఎక్కి లక్డారం వెళ్లాడు. దేవమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. తానెవరో, ఎక్కడుంటాడో చెప్పాడు. ఆమె కుర్చీ చూపించింది. అతను నిలబడే మొత్తం చెప్పేశాడు. బారక్‌లో మాట్లాడుకున్నదీ, ఇసుక మేటా, నీళ్లూ.

"పట్టీ నా చేతిలనే ఉండె, వదినా. అది జారలే. నేనే ఇడిసిన."

దేవమ్మ గింజలు తీస్తూనే ఉంది.

"ఇడవకుంటే నువ్వు గూడ పోతుంటివి. గది నాకు సమజైతది," అంది చివరికి. "ఆయన గురించి మాట్లాడేందుకు నాకు ఒక్క మనిషి లేకపాయె ఇన్నేండ్లు. నువ్వేమో ఇంద్రేశంలనే ఉంటివి."

ఎబెనేజర్ తాను వదిలేసింది ఒక్క మల్లేష్‌నే అనుకుంటూ వచ్చాడు ఇన్నాళ్లూ.

మళ్లీ ఆమే అడిగింది. "లగ్గమైనంక ఆయన నాతోటి ఉన్నది అన్ని సెలవులు కలిపి నాలుగు నెల్లు. గంతే. ఆడ ఎట్లుంటుండె? ఏం తింటుండె?"

ఎబెనేజర్ కూర్చున్నాడు. రొట్టెలంటే మల్లేష్‌కు పడేది కాదనీ, అన్నం వండిన రోజు పక్కవాడి పళ్లెంలో కూడా చెయ్యి పెట్టేవాడనీ చెప్పాడు. కూతురు పుట్టిందని ఇంటినుంచి వచ్చిన ఉత్తరాన్ని, చదవొచ్చి కూడా, తనతో మూడుసార్లు చదివించుకున్నాడని చెప్పాడు. నిద్రలో గొడ్లను అదిలించేవాడని చెప్పినప్పుడు దేవమ్మ నవ్వింది. ఈ ఇంట్లో కూడా అట్లనే చేసేవాడట.

పొద్దు వాలేదాకా చెప్పాడు. లేచి వెళ్తుంటే ఆమె మళ్లీ రమ్మనలేదు, రావద్దనీ అనలేదు.

తర్వాతి ఆదివారం వెళితే తలుపుకు తాళం ఉంది. ఎవరిదో పెళ్లికి అందరూ సదాశివపేట పోయారని పక్కింటావిడ చెప్పింది. అతను అరుగు మీద కాసేపు కూర్చుని తిరిగొచ్చాడు. ఆ పై ఆదివారం మళ్లీ వెళ్లాడు.