గాలి సోకని ఏడుపు

నేను ఒక పౌడరు పఫ్‌ను. సరిగ్గా చెప్పాలంటే, అందులో మిగిలిన సగాన్ని.

ఏదో కార్ఖానాలో నైలాను బొచ్చుకు వెనక శాటిన్ గుడ్డ కుట్టి, నన్ను గులాబీ రంగు డబ్బాలో పెట్టారు. భానోజీ అనే విలేకరి భార్య తన పసిబిడ్డ కోసం కొన్నది. స్నానమయ్యాక ఆ బిడ్డ మెడ మడతల్లో తిరగడమే నా పని. అంత శుభ్రమైన ఉద్యోగం నాకు మళ్లీ దొరకలేదు.

భానోజీ ఒక చిన్న టీవీ ఛానల్లో పనిచేసేవాడు. చొక్కాకు తగిలించే అతని మైకు బఠాణీ గింజంత ఉండేది. సముద్రం ఒడ్డున దానిలో మాట వినిపించేది కాదు, గాలి మోతే. దానితో వచ్చిన స్పాంజి తొడుగు ఫ్యాను గాలినే ఆపలేకపోయేది. ఒకరోజు అతని చూపు నా మీద పడింది.

"అది పాప పఫ్ అండీ!" అంది భార్య.

"పాపకి గుడ్డతో రాయవే. నా ఉద్యోగం ఉండాలా, ఊడాలా?"

మొదట నన్ను చీల్చి మైకును లోపల దూర్చాడు. శాటిన్ అడ్డొచ్చి, మాట దిండు కిందనుంచి వచ్చినట్టయింది. శాటిన్ కోసి పారేశాడు. పౌడరంతా దులిపాడు. బొచ్చును చిన్న సంచిలా కుట్టి, మైకుకు తగలకుండా కాస్త ఖాళీ ఉంచి, రబ్బరు బ్యాండు వేశాడు. ఈసారి కుదిరింది. గాలి నా బొచ్చులో చిక్కి అలిసిపోయేది. మాట మాత్రం లోపలికి వెళ్లేది. ఆ తెలివిని మెచ్చుకుంటాను. తర్వాత మెచ్చుకోవలసింది ఏదీ కనబడలేదు.

ప్రారంభోత్సవాల్లో పెద్దమనుషుల కండువాలకు వేలాడాను. జర్దా తుంపర్లు, నిన్నటి విందుల తేన్పులు అన్నీ నా మీదే. ఎవరూ తుడవలేదు. అయినా అది ఒంటికంటిన మురికే.

తుపాను వెలిసిన మర్నాడు భానోజీ నన్ను ఒక జాలరిపేటకు తీసుకెళ్లాడు. తవిటయ్య పడవ తిరిగి రాలేదు. అతని భార్య నూకరత్నం ఒడ్డున నిలబడి ఉంది. నన్ను ఆమె పైటకు తగిలించారు. ఆమె గుండె కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. గొంతు మాత్రం వణకలేదు.

"మోటారాగిపోనాదని పొద్దున్న ఫోన్లో సెప్పినాడు బాబూ. పడవ ఉత్తరాపుకి కొట్టుకుపోతన్నాదంట. ఆపీసరోలు దచ్చినం ఏపు ఎతుకుతున్నారు. మా మాట ఇనటం నేదు. టీవీలో సెప్తే ఇంటారు. బేగి ఉత్తరాపుకెల్లమనండి."

"అది తర్వాత చూద్దాం అమ్మా. ముందు మీ బాధ చెప్పండి. ఏడుపొస్తే ఆపుకోకండి."

పక్కనే ఉన్న ఆమె అత్త కసిరింది. "ఏటి బాబూ, ఇది ఏడిస్తే పడవొచ్చేస్తాదేటి?"

భానోజీ వినిపించుకోలేదు. "ఆయన ఇక రాకపోతే మీ పరిస్థితి ఏమిటమ్మా?" అని అడిగాడు.

అప్పుడు ఆమె ఏడ్చింది. ఈదురుగాలి వీస్తూనే ఉంది. ఒక్క పిసరు కూడా ఆ ఏడుపు మీద పడనివ్వలేదు నేను. వెక్కిళ్ల మధ్య ఊపిరి సైతం స్పష్టంగా వెళ్లింది.

"క్లారిటీ అదిరిందిరా!" అని భానోజీ ఆఫీసుకు ఫోన్ చేశాడు.

సాయంత్రం వార్తల్లో ఏడుపు వచ్చింది, వీణ సంగీతంతో. ఉత్తరం మాట రాలేదు. అది పొడి సమాచారమని కత్తిరించారు. చూసినవాళ్లు అయ్యో అన్నారు. ఒకరిద్దరు టీ తాగుతూ అన్నారు. నా ఒంటిమీది బొచ్చంతా పీకేసుకోవాలనిపించింది. ఆ ఏడుపును అంత శుభ్రంగా మోసింది నేనే కదా. చేతులుంటే పీకేసుకునేదాన్నే.

వెతికే పడవలు ఆలస్యంగా ఉత్తరానికి వెళ్లాయి. తవిటయ్య పడవ దొరికింది. అందులో మనిషి లేడు.

భానోజీ మళ్లీ వచ్చాడు. మళ్లీ నన్ను ఆమె పైటకు తగిలించాడు.

"ఇప్పుడు మీకెలా అనిపిస్తోందమ్మా?"

నూకరత్నం అతన్ని చూసింది. నోరు తెరవలేదు. ఏడవలేదు. అతను అదే ప్రశ్న ఇంకోలా అడిగాడు. ఆమె అలాగే చూస్తూ నిలబడింది. బయట హోరుగాలి. ఆ గాలిని మొత్తం నేనే పట్టుకుని, ఆమె మౌనాన్ని ఉన్నదున్నట్టు లోపలికి పంపాను. నా జీవితంలో అంత జాగ్రత్తగా చేసిన పని మరొకటి లేదు.

భానోజీ చెవిలోని ఇయర్‌ఫోన్ తట్టుకున్నాడు. మైకు తట్టాడు.

"ఛ, ఏమీ రావట్లేదు. ఈ వెధవ బొచ్చు మూసుకుపోయినట్టుంది."

నన్ను లాగి ఇసుకలోకి విసిరేశాడు.