జమున కూతకు పోయిన ఆదివారం

బొగ్గుబాయి మూడు షిఫ్టుల్లో నడుస్తుంది. జమున ఇల్లూ అంతే. కాకపోతే బాయిలో షిఫ్టు మారితే మనిషి మారతాడు. ఈ ఇంట్లో షిఫ్టు ఎన్నిసార్లు మారినా మనిషి మాత్రం జమునే.

గోదావరిఖని కంపెనీ క్వార్టర్లలో వాళ్ళది చివరి వరస. మొగుడు భూపాల్ బాయిలో పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పనివాడు. నోట్లోని మాటలకు కూడా దిమ్మెలు పెట్టుకున్నాడేమో, ఒక్కటీ జారి పడదు. ఆ లోటంతా అత్త ఐలవ్వ పూడుస్తుంది. కొడుకు మాట్లాడనివి, తను మాట్లాడాల్సినవి, పక్కింటి వాళ్ళు మరిచిపోయినవి అన్నీ కలిపి పొద్దుగూకే దాకా మాట్లాడుతుంది.

బిడ్డ సహస్రకు పదేళ్ళు. ముసలితనంలో రావలసిన చక్కెర జబ్బు ఆ పిల్లకు మూడో తరగతిలోనే వచ్చింది. తినే ముందు వేలు గుచ్చి చుక్క రక్తం చూసుకోవాలి, సూది వేసుకోవాలి. ఎంత తింటే ఎంత మందో అమ్మ చెప్తే ఒప్పుకోదు. యూనియన్ నాయకుడు మేనేజరు దగ్గర కూర్చున్నట్టు కూర్చుని బేరం పెడుతుంది. ఇయ్యాల బడిలో ఇంతసేపు దుంకిన, అది లెక్కలోకి రావాలె, ఇంకో సగం చపాతీ నా హక్కు అంటుంది. సగానికి అడిగితే పావుకు సంధి కుదురుతుంది.

కొడుకు రుత్విక్‌కు ఆరేళ్ళు. పుట్టినప్పుడు ఏడవడానికి ఆలస్యం చేశాడు. దాని బాకీ ఇప్పటికీ తీరలేదు. కాళ్ళు నిలవవు. ముద్ద మింగితే ఊపిరితిత్తుల్లోకి జారుతుందని డాక్టర్లు కడుపు మీద చిన్న గొట్టం అమర్చారు. గంజీ, పాలూ, ఫిట్స్ మందూ అన్నీ అందులోనుంచే. మాట ముద్దగా వస్తుంది గానీ అందులో పెత్తనం మాత్రం తేటగా ఉంటుంది.

మొదట్లో ఆ వరసలోని ఆడవాళ్ళు పొద్దున ఒకరు, మాపున ఒకరు వచ్చి, గడపలో నిలబడి అయ్యో అనేవాళ్ళు. జమున ఎవరినీ కసురుకోలేదు. వచ్చిన ప్రతి మనిషికీ ఒక చాయ్ ఇచ్చేది, చాయ్ అయ్యాక గొట్టం కడిగే పని ఇచ్చేది. నెల తిరగకుండానే అయ్యోలు తగ్గిపోయాయి. నిజంగా అక్కరకొచ్చే ఇద్దరు ముగ్గురే మిగిలారు.

పనులు గుర్తుండటానికి జమున వంటింటి తలుపు చెక్కకు రెండు మేకులు కొట్టింది. సహస్ర డబ్బా మూతలు రెండింటికి చిల్లి పొడిచి, ఒకదానికి ఎరుపు, ఒకదానికి తెలుపు పూసింది. ఎర్ర బిళ్ళ తమ్ముడి మందు, తెల్ల బిళ్ళ తమ్ముడి గంజి. పని అయిపోగానే ఆ బిళ్ళను మేకుకు తగిలించాలి. మళ్ళీ పూట మారగానే రెండూ తీసి గిన్నెలో వేయాలి. చదువు రాని ఐలవ్వ కూడా దూరం నుంచే ఒక చూపు చూసి, పిలగానికి మందు పడ్డది, గంజి ఇంకా పడలేదు అని చెప్పేస్తుంది.

ఇట్లా ఉన్న ఇంటికి ఒకనాడు సువార్త టీచరు వచ్చింది. కాలనీ బడిలో పాఠాలు చెప్తుంది, కార్మికుల ఇళ్ళ ఆడవాళ్ళ కబడ్డీ జట్టుకు ఆమే పెద్ద. ఆమె మాట్లాడుతుండగానే పొయ్యి పక్క మంచం మీద రుత్విక్ పక్కకు ఒరిగి జారాడు. జమున కుడిచేత్తో పొయ్యి మీది పాలు కలుపుతూనే, వెనక్కి చూడకుండా ఎడమచేత్తో వాడి నడుం దొరకబుచ్చుకుంది. సువార్త చెప్పవచ్చిన ముచ్చట అక్కడే వదిలేసింది.

"జమునా, గా చెయ్యి మా జట్టుకు కావాలె" అంది.

జమున రామగిరి దిక్కు పిల్ల. చిన్నప్పుడు బడిలో కూతకు పోతే అవతలి జట్టంతా చివరి గీత దాకా వెనక్కి జరిగేది. ఆ సంగతి ఐలవ్వ నోట సువార్త చెవిన పడ్డాక ఇక తప్పించుకునే దారి లేకపోయింది. ప్రాక్టీసు ఆటలన్నీ వీళ్ళ వాకిట్లోనే ఆడారు. రుత్విక్‌ను కుర్చీలో కూర్చోబెట్టి మెడలో విజిల్ వేస్తే వాడే రెఫరీ. ఊదలేడు గనుక చెయ్యి ఊపేవాడు. ఎవరు ఏ వైపు కదిలినా వాడి తీర్పు ఒక్కటే, ఔట్. వాళ్ళమ్మను మాత్రం ఔట్ ఇచ్చేవాడు కాదు. ఆ వాకిట్లో నెగ్గి నెగ్గి, గ్రౌండు మీద కూడా నెగ్గుకుంటూ జట్టు ఫైనలుకొచ్చింది. శ్రీరాంపూర్ వాళ్ళతో, ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి సువార్త వచ్చాక.

ఆట గురించి జమునకు భయం లేదు. ఆరేళ్ళలో దవాఖానకు తప్ప, కొడుకును విడిచి ఆమె కాలనీ గేటు దాటింది లేదు. వాకిట్లో ఆడితే కన్ను వాడి మీదే ఉండేది. మిగతా ఆటలు కూడా కాలనీ గ్రౌండులోనే కాబట్టి వాణ్ణీ తోలుకుపోయింది. ఫైనలు మాత్రం ఊరవతల పెద్ద గ్రౌండులో. అంత ఎండకు, అంత దుమ్ముకు వాణ్ణి తీసుకుపోరాదు. ఒక పూట తను లేకుండా ఆ ఇల్లు నడుస్తుందా, వాడికి ఏమీ కాకుండా ఉంటుందా? ఆమెకు ఫైనల్ అంటే ఇదే. ఒకసారి మందు ఆలస్యమైనప్పుడు ఏమైందో ఆమెకు బాగా తెలుసు.

భూపాల్ ఆ ఆదివారం డ్యూటీ వద్దని చెప్పి ఇంట్లో ఉన్నాడు. జమున మందు సీసా చూపించింది, గంజి ఎట్లా పొయ్యాలో చూపించింది, అంతా బిళ్ళలు చూసి చెయ్యమంది. మేకు సంగతి విప్పి చెప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏందే, టోకెన్ సంగతి నాకు చెప్తవా? పద్దెనిమిదేండ్ల సంది మెడలేసుకొని తిరుగుతున్న."

భూపాల్ ఒక్కసారి అన్ని మాటలు మాట్లాడటం అరుదు. అంత మాట్లాడినవాడు తెలిసే మాట్లాడి ఉంటాడని జమున ఊరుకుంది. పొద్దటి బిళ్ళలు తీసి గిన్నెలో వేసి, సహస్రనూ అత్తనూ తీసుకుని ఆటో ఎక్కింది.

శ్రీరాంపూర్ జట్టులో సారిక అనే పొడుగు మనిషి ఉంది. ఆమె కాళ్ళు ఒక ఊళ్ళో ఉంటే చేతులు ఇంకో ఊళ్ళో ఉండేవి. మొదటి సగంలో మన వాళ్ళను అటు ముట్టి ఇటు ముట్టి నాలుగు పాయింట్లు వెనక్కి నెట్టింది. ఐలవ్వ గీత పక్కన చతికిలబడి రెఫరీకి కళ్ళు లేవనీ, ఉన్నా శ్రీరాంపూర్ దిక్కే ఉన్నాయనీ ఊరందరికీ వినబడేట్టు చెప్తున్నది. జమున మూడు పాయింట్లు తెచ్చింది గానీ మనసు నిలబడలేదు. సగం ఆట విజిల్ పడగానే నీళ్ళ కంటే ముందు ఫోను అందుకుంది.

మందు పడ్డదా అని అడిగింది. అన్నీ అయినయన్నాడు భూపాల్. గొంతు నిమ్మళంగా ఉంది. వెనక టీవీలో కార్టూను బొమ్మల అరుపులు. ఎందుకో జమునకు ఆ నిమ్మళమే నచ్చలేదు. నువ్వే ఇచ్చినవా అని మళ్ళీ అడిగింది.

"నేనెందుకిస్త? నువ్వే ఇచ్చిపోయినవ్ గద. మేకులకు ఒక్క బిళ్ళ గూడ లేదు. అందరు పైకొచ్చిన్రు."

జమునకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత లాంపు రూము గుర్తొచ్చింది. బాయిలోకి దిగే మనిషి లాంపు రూములో తన బిళ్ళ ఇచ్చి లైటు తీసుకుంటాడు. బిళ్ళ అక్కడ మేకుకు వేలాడుతున్నంతసేపు మనిషి ఇంకా కింద ఉన్నట్టు. పైకొచ్చి లైటు అప్పజెప్పి బిళ్ళ తీసుకుంటే మేకు ఖాళీ. మేకులన్నీ ఖాళీ అయ్యాయంటే అందరూ క్షేమంగా పైకొచ్చారు, ఇక ఎవరి గురించీ ఫికరు లేదు. పద్దెనిమిదేళ్ళు ఆ మేకులను చూసినవాడు ఇంట్లోని ఖాళీ మేకులను కూడా ఆ కళ్ళతోనే చూసి, కడుపు నిండా నిమ్మళపడి, కొడుకు పక్కన కూర్చుని కార్టూన్లు చూస్తున్నాడు.

ఐలవ్వ పక్కనుంచి విషయం పట్టేసి ఫోను గుంజుకుంది. "ఒరే కొడుకా, అంత పెద్ద బాయి అర్థమైంది గని ఇంట్ల రెండు మూతలు అర్థంగాకపాయెనారా" అని తిట్టబోతే జమున మళ్ళీ ఫోను లాక్కుంది. ఆమె కళ్ళు అప్పటికే రోడ్డు మీది ఆటోలను వెతుకుతున్నాయి.

"ఇగో, ఇంటున్నవా. ఎర్ర బిళ్ళ లేదంటే మందు పడలేదని. వాడెట్లున్నడు?"

అవతల టీవీ ఆగిపోయింది. మంచం కిర్రుమంది. తర్వాత భూపాల్ గొంతు వచ్చింది, ఈసారి చాలా దగ్గరగా.

"బొటనవేలు బయటనే ఉంది. పిడికిట్లకు పోలే."

జమున నడవబోయి ఆగింది. ఫిట్స్ వచ్చే ముందు రుత్విక్ బొటనవేలు మెల్లగా పిడికిట్లోకి ముడుచుకుంటుంది. కళ్ళు తేలిపోవడం ఆ తర్వాతి సంగతి. ఇది ఆమె ఎవరికీ చెప్పలేదు. డాక్టరు అడగలేదు గనుక ఆయనకూ చెప్పలేదు. డ్యూటీ దిగి వచ్చి, బొగ్గు కడుక్కుని, కొడుకు మంచం పక్కన ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునే మనిషి ఏం చూస్తున్నాడో ఆమె ఏనాడూ అడగలేదు. కప్పు కూలే ముందు ఎక్కడ చిట్లుతుందో చూసే పని ఆయనది. ఇంట్లోనూ అదే చూస్తున్నాడన్న మాట.

ఇప్పుడు ఆటో దొరికి, ఊరంతా దాటి, ఇల్లు చేరేసరికి మందు ఇంకా ఆలస్యమవుతుంది. అక్కడ చేతులున్నాయి, కళ్ళూ ఉన్నాయి. ఆమె అక్కడే గడ్డిలో కూర్చుంది.

దిండు ఎత్తు పెట్టమంది. పెట్టాడు. గొట్టం మూత తీసి నీళ్ళు పొయ్యమంది, పిచికారిలో మందు ఎంత గీత దాకా లాగాలో చెప్పింది. ఆయన ప్రతి దానికీ ఊ అన్నాడు. ఇటు రెఫరీ విజిల్ ఊదుతున్నాడు. సువార్త ఆయన దగ్గరికి పోయి, మా వాళ్ళ చున్నీలకు పిన్నులు పెట్టుకోవాలె, జర ఆగాలె అంది. మిగతా వాళ్ళంతా ఒకరి వెనక ఒకరు నిలబడి పెట్టిన పిన్నులనే తీసి మళ్ళీ పెట్టుకోసాగారు. ఆ సంగతిలో తొందర పెట్టడం మగవాడికి మర్యాద కాదు గనుక రెఫరీ ఆకాశం చూశాడు.

మందు పడ్డది. ఇక గంజి. అక్కడొక చిక్కు వచ్చింది. రుత్విక్ గొట్టాన్ని పిడికిట్లో బిగించి పట్టుకుని వదలడం లేదట.

"ఏం కూర అని అడుగుతున్నడే" అన్నాడు భూపాల్ దిక్కుతోచక.

రోజూ గంజే పోసినా రోజుకో కూర పేరు చెప్పి పోస్తుందని జమున చెప్పడం మరిచిపోయింది. ఏదో ఒకటి చెప్పమంది. ఆలోచించి ఆలోచించి బెండకాయ అన్నాడు భూపాల్. పిడికిలి ఇంకా బిగిసింది. పప్పుచారు అన్నాడు. వాడు మొహం తిప్పుకున్నాడు. చివరికి తండ్రి ఓడిపోయి, బగారన్నం, మటన్ అని ఒప్పుకున్నాడు. బొక్కలెన్ని అని కూడా వాడు అడిగినట్టున్నాడు, భూపాల్ ఏదో లెక్క చెప్తున్నాడు. ఆ వెనకే కొడుకు నవ్వు, గంజి దిగుతున్నప్పుడు మాత్రమే వచ్చే గురగుర నవ్వు, ఫోనులో వినబడింది. జమున ఫోను కట్టేసింది. రెండు బిళ్ళలూ తగిలించమని చెప్పలేదు. చెప్తే ఈసారి ఏమని అర్థం చేసుకుంటాడో అని.

రెండో సగంలో మొదటి కూతకే ఇద్దరిని ముట్టి వచ్చింది. రెండో కూతకు సారిక ఆమె చీలమండ దొరకబట్టింది, మిగతా అందరూ వచ్చి మీద పడ్డారు. ఔటై, మోకాలి దుమ్ము దులుపుకుంటూ గీత బయట బెంచీ మీద కూర్చుంది.

ఆటలో చచ్చినవాళ్ళు, తమ జట్టు పాయింటు తెచ్చి లేపేదాకా కూర్చోవాలి. అది రూలు. లేచి ఏ పనీ చేయరాదు. ఈ రూలు జమునకు చిన్నప్పుడు ఏడుపు తెప్పించేది. ఐలవ్వ కొంగులోంచి పిడికెడు ఉడకబెట్టిన పల్లీలు తీసి కోడలి చేతిలో పోసింది. జమున ఒకటి ఒలిచి నోట్లో వేసుకుంది. నిలబడి మింగడమే గానీ, కూర్చుని నమిలి ఎన్నాళ్ళైందో. ఇంకొకటి ఒలిచింది. గోదావరి దిక్కు నుంచి గాలి వస్తున్నది. మన వాళ్ళకు పాయింటు జర నిదానంగా వస్తే బాగుండునని ఒక పాడు ఆలోచన వచ్చింది. సిగ్గుపడి, నవ్వుకుని, మూడో పల్లీ అందుకుంది. పక్కన సహస్ర తన వేలు తనే గుచ్చుకుని చూసుకుని, ఆ పల్లీల్లో తన వాటా ఎంతో నాయనమ్మతో మొదలుపెట్టింది.

అంతలో సువార్త అవతలి మనిషిని ముట్టి వచ్చింది. "జమునా, లేచినవ్, రా" అని పిలిచింది. ఇంకో రెండు పల్లీలున్నయి, ఆగమంది జమున. జట్టంతా నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. ఆమె లేచి, పొట్టు దులిపి, గీత దాకా పోయింది. అప్పుడే సంచిలో ఫోను మోగింది.

సహస్ర తీసి చూసి, నాయిన అంది. జమున కాలు గీత మీదే ఆగింది. రెఫరీ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. సారిక అవతల వంగి, పొడుగు చేతులు చాచి నిలబడి ఉంది.

"నువ్వే ఎత్తు" అంది జమున.

సహస్ర ఎత్తి, విని, తల ఊపింది. "తమ్ముడు మంచిగనే ఉన్నడట. గొట్టం కడిగే చిన్న బ్రష్ ఏడుందని అడుగుతుండు."

"ఎతుకుమను" అంది జమున. చున్నీ నడుముకు బిగించి, గుండెల నిండా ఊపిరి తీసుకుని, కూత పట్టుకుని గీత దాటింది.