తమ్ముడి మాత్రలు, అన్న గెనిమ

డాక్టర్ అమల తనకు చేసినంత అన్యాయం దాయాదులు కూడా చేయలేదని గురప్ప గట్టి నమ్మకం. మాత్రలు మింగింది తమ్ముడు మునికృష్ణ. దెబ్బ తగిలింది గురప్పకు. ఇలాంటి వైద్యం లోకంలో ఎక్కడైనా ఉంటుందా?

సత్యవేడు దగ్గర అన్నదమ్ముల మడులు పక్కపక్కనే. నడుమ ఒక గెనిమ, అంటే మట్టిగట్టు. దాని మీద నాయన హద్దుకని నాటిన తాటిచెట్టు. ప్రతిసారీ నాట్లకు ముందు ఎవరి వైపు గట్టును వాళ్లు పారతో చెక్కి కొత్త బురద మెత్తుకోవాలి. మునికృష్ణ మంచం పట్టినప్పటి నుంచి రెండు పక్కలా గురప్పే ఆ పని చూస్తున్నాడు. తన వైపు చెక్కడమే, తమ్ముడి వైపు మెత్తడమే. అలా పంటకొక మూర చొప్పున గెనిమ తమ్ముడి మడిలోకి నడక నేర్చింది.

మునికృష్ణకు జ్వరం లేదు, నొప్పి లేదు. గోడవైపు తిరిగి పడుకుంటాడు. తినడు, నిద్రపోడు, మడి మాట ఎత్తితే కళ్లు మూసుకుంటాడు. ఊళ్లో గాలి సోకిందన్నారు. గురప్ప ఒక తాయెత్తు కట్టించి, "కాలమే నయం జేస్తాదిలేమ్మా" అని మరదలు ధరణికి ధైర్యం చెప్పాడు. కాలం ఎంత నిదానంగా చేస్తే అంత మంచిదని ఆయన లెక్క.

ధరణి వినలేదు. "నువ్వు రాకుంటే మా అన్నోళ్లను పిలిపిస్తా బావా" అంది. ఆ అన్నలు వస్తే ఇంట్లో కూర్చోరు, మడి చూడ్డానికి పోతారు. గురప్పే ముందు నడిచి తమ్ముణ్ణి తిరుపతి బస్సెక్కించాడు.

డాక్టర్ అమల ఓపికగా అన్నీ అడిగి, దీన్ని డిప్రెషన్ అంటారని, షుగరూ బీపీలాగా ఇదీ ఒక జబ్బేనని చెప్పి మాత్రలు రాసింది.

"మత్తు మాత్రలే గదా మేడం? పండుకోనే ఉంటాడు గదా?" గురప్ప ఆశగా అడిగాడు.

"పడుకోబెట్టడానికి కాదండీ, లేపడానికి. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. బాగైంది కదా అని మీ అంతట మీరు ఆపకూడదు."

"పాత సంగతులు మరిసిపోయే మాత్ర ఏమన్నా ఉండాదా?"

"ఆయనకా, మీకా?"

ఆ మాట గురప్పకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

మొదట్లో నోరెండిపోతోందని, కడుపులో తిప్పుతోందని మునికృష్ణ అంటే గురప్ప ప్రాణం కుదుటపడింది. తర్వాత ఒక పొద్దున తమ్ముడు కాఫీ అడిగాడు. ఇంకో పొద్దున గడ్డం గీసుకున్నాడు. ఆ పైన నేరుగా మడి కాడికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, తాటిచెట్టు గెనిమ మింద గదా ఉండల్ల. నీ నాట్లల్లో నిలబడుండాదే?"

"మాత్రల మహిమప్పా. కండ్లు మసకబారతాయంట."

"మసకబారితే చెట్టు మసగ్గా కనపడల్ల. నడిచిపోతాదా?"

ఆ సాయంత్రం గురప్ప తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. "బంగారట్ల అయినావు. ఇంక ఆ మందులేంటికి రా? పిచ్చోళ్ల మాత్రలని ఊరంతా నవ్వతాండారు."

అన్న మాట మునికృష్ణ ఏనాడూ కాదనలేదు. ఆపేశాడు.

కొన్నాళ్లకు మళ్లీ గోడవైపు తిరిగాడు. ఈసారి ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం కూడా మరిచిపోయేవాడు. గురప్ప పార భుజాన వేసుకుని గెనిమ దాకా పోయి, దింపబుద్ధి కాక అట్లే తిరిగి వచ్చాడు. మళ్లీ తిరుపతి బస్సు.

"ఎవరు ఆపమన్నారు?" డాక్టర్ అమల గొంతు గట్టిగానే ఉంది.

గురప్ప తలెత్తి ఫ్యాను కేసి చూశాడు.

"నేనే ఆపేస్తి మేడం" అన్నాడు మునికృష్ణ నేల చూస్తూ. "మాయన్న ఆపొద్దనే అన్నాడు."

"అయితే మీ అన్నకే అప్పజెబుతున్నాను. రోజూ ఆయన చేత్తోనే మాత్ర ఇవ్వాలి."

అదీ ఆమె చేసిన అన్యాయం. ఆనాటి నుంచి రోజూ పొద్దున టిఫిను కాగానే గురప్ప తన మడికి తానే ఎసరు పెట్టుకోవాల్సి వచ్చింది. "నోరు తెరువు. నాలిక ఎత్తు. మింగినావా?"

మునికృష్ణ తేరుకున్నాడు. "అయిందేదో అయిందిలేన్నా. గెనిమను మళ్లా తాటిచెట్టు కాడికి జరుపు, సాలు" అన్నాడు.

అక్కడితో సరేనంటే ఆయన గురప్ప ఎందుకవుతాడు? "నాయన కంటి కొలతతో నాటిన చెట్టది. దాని మాట నేను ఇనాల్నా? సర్వేయర్ను పిలిపీ. కొలిస్తే ఎవరిది ఎంతో తేలిపోతాది."

తేలిపోయింది. నాయన కన్ను కూడా పెద్దకొడుకు వైపే మొగ్గిందట. తాటిచెట్టు నిలబడిందే మునికృష్ణ భూమిలో, అసలు హద్దు దాన్ని దాటి గురప్ప మడిలో ఉంది. సర్వేయర్ రాళ్లు పాతిస్తుంటే గురప్ప గెనిమ మీద కూలబడ్డాడు. ధరణి చెంబుతో మజ్జిగ తెచ్చి "తాగు బావా" అంది. ఆయన చెంబు అందుకున్నాడు గానీ తాగలేదు. జేబులోంచి మాత్రల అట్ట తీశాడు.

"రేయ్ మునీ, పొద్దున్నుంచి ఈ కొలతల్లో పడి మాత్ర మరిసిపోయినావు. ఇట్ల రా."

"కొలిసేది అయిపోనీన్నా."

"డాక్టరమ్మకు జవాబు జెప్పల్సింది నువ్వా, నేనా? నోరు తెరువు."

మునికృష్ణ అన్న చేతిలో మజ్జిగతోనే మింగి, నాలిక ఎత్తి చూపించి, మళ్లీ రాళ్ల దగ్గరికి పోయాడు.

గురప్ప ఇన్నేళ్లూ కష్టపడి జరుపుకున్నది ఏడున్నర సెంట్లు. పోయింది పదకొండు సెంట్లు, తాటిచెట్టుతో సహా.