పెద్దకోడలి ర్యాంకు

మా ల్యాబులో ఒక జన్యువు ఉంది. అసలు పేరు నాలుగక్షరాలు, రెండంకెలు, నోరు తిరగదు. అందుకని మేమంతా దాన్ని పెద్దకోడలు అంటాం. కంప్యూటరు తెరమీద జన్యువులన్నీ చుక్కలు. ఏ రెండు కలిసి పనిచేస్తాయని ఎవరైనా పరిశోధనాపత్రంలో రాసినా ఆ రెండు చుక్కల మధ్య ఒక గీత పడుతుంది. ఏ మూల నుంచి బయల్దేరినా గీతలు పెద్దకోడలి దగ్గరికే చేరతాయి, ఇంట్లో ఎవరికేం కావాలన్నా ఆవిడ దగ్గరికే వెళ్ళినట్టు.

ఇరవై రెండేళ్ల క్రితం దాన్ని పట్టుకున్నది మా గైడు. చాటుగా ఆయన్ని పెద్దాయన అంటాం. ఒక కిడ్నీ జబ్బుకు అసలు కీలకం ఆ జన్యువేనని ఆయన వాదన. ఆ మాటను లెక్కగట్టి నిరూపించడమే నా పీహెచ్‌డీ. ఐదేళ్లు పట్టింది. నా ప్రోగ్రాం ఆరువేల జన్యువులకు ర్యాంకులిచ్చింది; పెద్దకోడలికి ఒకటో ర్యాంకు. పెద్దాయన మురిసిపోయారు. కాకిపిల్ల కాకికి ముద్దు. ఇక థీసిస్ మీద ఆయన సంతకం ఒక్కటే మిగిలింది. వచ్చే శుక్రవారమే గడువు.

ఆ శనివారం మా వదిన ఇస్త్రీ చేస్తోంది. నేను అన్నయ్య వాళ్ళింట్లోనే ఉంటాను. గంటలో ఆవిడకు ఐదు ఫోన్లొచ్చాయి: పిల్లల స్కూలు బస్సు, గ్యాసు, అన్నయ్య బ్యాంకు, పళ్ళ డాక్టరు, చివరికి నేను తిరిగివ్వని పుస్తకం కోసం యూనివర్సిటీ లైబ్రరీ.

"నువ్వు లేకపోతే ఈ ఇల్లు ఒక్కపూట నడవదు వదినా," అన్నాను, కాస్త మునగచెట్టెక్కిద్దామని.

"చాల్లే. అన్ని ఫారాల్లోనూ మీ అన్నయ్య నా నంబరు రాశాడు. ఫోనెత్తడానికి బద్ధకమని నువ్వూ నాదే రాశావు. రాసిన నంబరుకే కదా ఫోనొచ్చేది? ఆయన నంబరు రాసుంటే ఇంటికి మూలస్తంభం ఆయనే అయ్యేవాడు," అంది చొక్కా తిరగేస్తూ.

నవ్వాను. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

గీతల ఫైలులో చివర ఒక కాలమ్ ఉంటుంది, ఏ గీత ఏ పత్రంలోంచి వచ్చిందో చెప్పేది. ఐదేళ్లలో దానివైపు చూసిన పాపాన పోలేదు. సోమవారం పొద్దున్నే వెళ్లి తెరిచాను. పెద్దకోడలికి మూడువందల పద్దెనిమిది గీతలు. అందులో రెండువందల నాలుగు మా ల్యాబు పత్రాల్లోంచి వచ్చినవే. ఎవరూ అబద్ధం రాయలేదు. ఇరవై రెండేళ్లుగా పెద్దాయన ఆ ఒక్కదాని చుట్టూనే వెతికారు కాబట్టి గీతలు అక్కడే దొరికాయి. మిగతావాటిని పట్టించుకున్న నాథుడు లేడు.

జన్యువులన్నిటినీ ఒకే తీరుగా పరీక్షించి తయారుచేసిన మ్యాపు ఒకటుంది, ఎవరైనా వాడుకోవచ్చు. దానిమీద నా ప్రోగ్రాం నడిపాను. నమ్మకం కుదరక మూడుసార్లు నడిపాను. మూడుసార్లూ పెద్దకోడలి ర్యాంకు నాలుగువందల పన్నెండు.

ఒళ్ళు మండింది, ముందు నామీదే. ఐదేళ్లుగా నేను చేసిందల్లా పెద్దాయన రాసిందే లెక్కపెట్టి పెద్దాయనకే చూపించడం.

రెండు ర్యాంకులూ పక్కపక్కన పెట్టి కొత్త చాప్టరు రాశాను. బుధవారం ఆయన గదిలోనే నా ఎదురుగా చదివారు. గోడకు ఆ జన్యువు తొలి చిత్రం ఫ్రేము కట్టి ఉంది. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"నా పేపర్లు తప్పంటావా?"

"తప్పు కాదు సార్. మీరు ఒక్క ఇంటి తలుపే కొట్టారు. పక్కిళ్ళలో ఎవరున్నారో మనకు తెలీదు."

"ఈ చాప్టరు తీసెయ్. రేపే సంతకం పెడతాను. నీ డిగ్రీ నీకొస్తుంది. నీకెందుకమ్మా ఈ గొడవ?"

"వచ్చే టర్ములో ముగ్గురు కొత్తవాళ్ళు చేరుతున్నారు సార్. ముగ్గురికీ ఇదే జన్యువు ఇచ్చారు. తలా ఐదేళ్లు."

"నావి ఇరవై రెండు," అన్నారాయన, గొంతు తగ్గించి.

జాలేసింది. నిజంగానే వేసింది. ఆ కాగితాలు వెనక్కి తీసుకుందామా అని కూడా అనిపించింది. అంతలో ఆయనే కళ్ళజోడు పెట్టుకుని, "నా సంతకం లేకుండా థీసిస్ ఎలా ఇస్తావో నేనూ చూస్తాను," అన్నారు.

"చూడండి సార్," అని లేచాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాళ్ళతో ఎంతసేపని వాదిస్తాం?

గైడు సంతకం చేయకపోతే కారణం రాసి నేరుగా డీన్ ఆఫీసులో ఇవ్వొచ్చని యూనివర్సిటీ రూల్సులో ఒక మూల ఉంది. కమిటీ వేస్తారు, అందరినీ పిలిచి అడుగుతారు. నెగ్గుతానో లేదో తెలీదు. ఓడితే ఐదేళ్లూ నీళ్ళపాలే. శుక్రవారం వెళ్ళాను.

గుమస్తా ఫారం అటూ ఇటూ తిప్పి, "నేను చేరాక ఇలా ఇచ్చినవాళ్ళు ఇద్దరేనమ్మా," అన్నాడు.

"వాళ్ళకేమైంది?"

"ఒకాయన వెనక్కి తీసేసుకున్నాడు. ఇంకొకావిడ ఇప్పుడు పై అంతస్తులో పాఠాలు చెబుతోంది." ఫారం నా ముందుకు జరిపాడు. "కింద నంబరు రాయండి. ఎవరేం అడగాలన్నా ఆ నంబరుకే చేస్తారు. చాలా ఫోన్లొస్తాయి మరి."

చెయ్యి అలవాటుగా వదిన నంబరు మొదలుపెట్టింది. నాలుగంకెలు పడ్డాక ఆగాను. కొట్టేసి, పక్కన నా నంబరు రాశాను, ఎవరికైనా తెలిసేటట్టు ఒక్కో అంకె విడివిడిగా.

"రానివ్వండి," అన్నాను.

మెట్లు దిగేలోపే ఫోను మోగింది. పెద్దాయన. రెండో రింగుకే ఎత్తాను.

"చెప్పండి సార్. నేనే."