పరబ్రహ్మంగారి ఫ్యూయల్ పంపు

ముందు కారు తుడవాలి, ఆ తర్వాతే కాఫీ. స్టీలు ప్లాంటులో ఇన్‌స్పెక్షన్ ఆఫీసరుగా రిటైరైన పరబ్రహ్మంగారింట్లో అదీ వరస. కొన్ననాటి నుంచీ ఆ కారుకేమైతే ఆయనకూ అదే అవుతోంది. క్లచ్ ప్లేటు అరిగిన ఏడాది మోకాలు పట్టేసింది. ఆయన వెళ్తే డాక్టరు నాడి కూడా చూడడు, "సర్వీసింగ్ ఎప్పుడు చేయించారు?" అంటాడు. వాళ్లుండే నెహ్రూ నగర్‌లో ఎవరూ దాన్ని వింతగా చెప్పుకోలేదు. భార్య సీతాలక్ష్మి మాత్రం ఇంజను చప్పుడు విన్నాకే పొయ్యి వెలిగించేది.

ఒకనాడు కారు స్టార్టవలేదు. ఆయన స్టీరింగు మీదికి ఒరిగిపోయాడు. ఊపిరి ఉందంటే ఉంది, అంతే. ఇరుగుపొరుగు ఆయన్ని వెనక సీట్లో పడుకోబెట్టి, కారుకి తాడు కట్టి సుపేలాలోని మెకానిక్ షెడ్డుకి లాక్కెళ్లారు. ఆసుపత్రి మాటెవరూ ఎత్తలేదు.

"ఫ్యూయల్ పంపు పోయింది పిన్నీ," అన్నాడు మెకానిక్ మనోజ్‌కుమార్, వెంట వచ్చిన సీతాలక్ష్మితో. "ఈ మోడల్‌కి కంపెనీ పంపులు బంద్ చేసేసింది. లోకల్‌ది కొత్తది ఉంది. పన్జేస్తాది గానీ గ్యారంటీ లేదు."

"ఒరిజినల్ ఎక్కడా దొరకదేటి?"

"ఒకటుంది. పక్కనే దుర్గ్‌లో లారీ గుద్దేసిన కారుది. పంపుకేటీ అవలేదు, ఓనరే పోయాడు." గొంతు తగ్గించాడు. "వాడిన పంపు కదా, పాత బండి అలవాట్లు వస్తాయి. సోచ్‌కే, బాగా ఆలోచించి చెప్పండి."

సర్వీసంతా నాసిరకం ఇనుము వెనక్కి పంపి తిట్లు తిన్న మనిషికి లోకల్ సరుకు పెట్టించడమా? సీతాలక్ష్మి అసలు భయం వేరే. ఆ లోకల్ పంపు నడిరోడ్డు మీద ఆగిపోతే? అలవాట్లదేముంది, మహా అయితే చాయ్‌లో పంచదార ఎక్కువడుగుతారు.

"ఒరిజినలే వెయ్యి నాయనా."

ఇంజను అందుకుంది. ఆయన లేచి కూర్చున్నాడు. మొహంలోకి రక్తం వచ్చింది. సీతాలక్ష్మి నలుగురిలోనూ వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏటండీ, ఎలాగుంది?"

ఆయన మర్యాదగా చేతులు జోడించాడు. "బహన్‌జీ, ఆప్‌నే బచా లియా," అన్నాడు, తన శ్రీకాకుళం యాస మచ్చుకైనా లేని హిందీలో. సోదరీ, మీరే కాపాడారట. ఇంటికెళ్లాలట. దుర్గ్‌లో భార్య వందన కంగారుపడుతుంటుందట.

మనోజ్‌కుమార్ తలెత్తలేదు. "పంపు తీసేయమంటారా పిన్నీ?"

సీతాలక్ష్మి తల అడ్డంగా ఊపింది. అప్పటికే ఆయన ముందు సీట్లోకి మారాడు. ఆమె సంచిలోంచి బీపీ మాత్రలు తీసి, కిటికీలోంచి ఆయన చొక్కా జేబులో పెట్టింది. రాత్రి భోజనం తర్వాత ఒకటి ఇమ్మని వందనకి చెప్పండని, తనకొచ్చిన హిందీలో చెప్పింది.

"జీ, బహన్‌జీ," అని ఆయన కారుని దుర్గ్ వైపు తిప్పాడు.